సైరంధ్రి వనంలో ఒక పూట

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. సభకు రాలేకపోయిన సభ్యుల కోరికపై ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము. - సంపాదకవర్గం)



నాకు ముందు మాట్లాడిన మిత్రులు డి.ఏ. బకాయిల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి వివరంగా చెప్పారు. వారి తరువాత నన్ను అడవుల గురించి మాట్లాడమనడం కార్యదర్శిగారి చమత్కారం. సగం మంది కాఫీకి లేస్తారని తెలిసే యీ సమయం నాకిచ్చారేమో! అయినా నేను ఒప్పుకోవడానికి కారణం వుంది. యీ విషయంలో నేనొక పాత బాకీ తీర్చుకోవలసి వుంది. ఆ సంగతి వరసలో మనవి చేస్తాను.

మీలో చాలామందికి తెలుసు, నేను విద్యుత్ శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో సీలేరు లోయలో వున్నాను. దిగువ సీలేరులో 115 మెగావాట్ల యూనిట్లు ఒక్కొక్కటే 1976 నుంచి 1978 దాకా తిరగడం మొదలుపెట్టిన రోజులవి. టర్బయిన్ తిరిగి, మొదటిసారి కరెంటు గ్రిడ్డులోకి వెళ్ళిన క్షణాన కలిగే ఆనందం బయటివాళ్ళకు చెబితే అర్థం కాదు. పిల్ల పుట్టినట్టే. ఆ వయసులో నాకు కొండ కనబడితే ఎంత ఎత్తు నుంచి నీళ్ళు దూకించవచ్చు, లోయ కనబడితే ఎక్కడ అడ్డుకట్ట వెయ్యవచ్చు అన్నదే ఆలోచన. మరో కన్ను లేదు.

అప్పుడే, 1979, 80 ప్రాంతాల్లో, కేరళలోని సైలెంట్ వ్యాలీ గొడవ పత్రికల్లో మొదలయింది. పాలక్కాడు జిల్లాలో, నీలగిరుల నైరుతి కొసన, కుంతిపుళ అనే నది మీద ఆనకట్ట కట్టి తొలి దశలో 120 మెగావాట్ల జలవిద్యుత్తు తీయాలని ప్రతిపాదన. ఆ చోటు మంచిదని 1928లోనే గుర్తించారు. 1973లో ప్రణాళికా సంఘం అనుమతి కూడా వచ్చింది. అంచనా వ్యయం సుమారు 25 కోట్లు. ఇరుకైన లోయ, ఏడాది పొడుగునా పారే నది, కొద్ది దూరంలోనే పెద్ద పల్లం. మా వృత్తివాళ్ళకు అంతకంటే ఏం కావాలి? సుమారు 130 మీటర్ల ఎత్తున కట్ట కడితే మునిగేది 830 హెక్టార్ల అడవి. మనుషులెవ్వరూ లేరు, ఒక్క ఊరు కూడా ఖాళీ చేయించనక్కర లేదు. మన దగ్గర ఒక్కొక్క ప్రాజెక్టుకు ఎన్నెన్ని ఊళ్ళు మునిగాయో చూసినవాడిని గనుక, ఇంత తేలికైన ప్రాజెక్టును ఎవరైనా ఎందుకు అడ్డుకుంటున్నారో నాకు బోధపడలేదు.

ఒకసారి మా ఇంజనీర్ల సమావేశంలో యీ చర్చ వచ్చింది. నేను లేచి, “నాలుగు కోతుల కోసం మలబారు ప్రజలు చీకట్లో కూర్చోవాలా?” అన్నాను. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు నాకు చాలా ఏళ్ళు వినబడుతూ వుండేవి. ఆ రోజు నేను ఆ అడవిని చూడలేదు, ఆ కోతిని చూడలేదు, వర్షారణ్యం అంటే వర్షం పడే అడవి అన్నంతకు మించి తెలియదు. అదే నా బాకీ.

మా అమ్మాయి, అల్లుడు కోయంబత్తూరులో వుంటారు. 2019 డిసెంబరులో వెళ్ళినప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవడు సైలెంట్ వ్యాలీ చూడాలని పట్టుబట్టాడు. వాళ్ళ పాఠంలో వచ్చిందట. మన్నార్‌కాడ్ దాటి ఘాటు రోడ్డు ఎక్కితే ముక్కాలి అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ మన వాహనం ఆపేయాలి. అటవీశాఖవారి బండిలో గైడుతో సుమారు 23 కిలోమీటర్లు లోపలికి తీసుకువెడతారు. ఆ దారి చివర వచ్చే చోటు పేరు సైరంధ్రి.

విరాటపర్వం చదివినవారికి యీ పేరు వేరే చెప్పనక్కర లేదు. విరాటుడి కొలువులో ద్రౌపది పెట్టుకున్న మారుపేరు. పాండవులు అజ్ఞాతవాసానికి ముందు యిక్కడ తిరిగారని స్థానికుల నమ్మకం. అందుకే అడవికి సైరంధ్రీవనం, నదికి కుంతి పేరు వచ్చాయంటారు. ఇంగ్లీషువాళ్ళకు సైరంధ్రి నోరు తిరగక సైలెంట్ అయిందని ఒక కథ. కీచురాళ్ళ రొద లేదు గనుక ఆ పేరు పెట్టారని మరో కథ. మేము వెళ్ళినప్పుడు మాత్రం కీచురాళ్ళు చెవులు గింగురుమనేలా అరిచాయి. మన పల్లెల్లో వానలు పడకపోతే విరాటపర్వం చదివించేవారు గుర్తుందా? మా నాన్నగారు మా ఊరి రామాలయంలో చదివించడం నేను చూశాను. ఆ సైరంధ్రి పేరు పెట్టుకున్న అడవిలో ఏటా మూడు వేల మిల్లీమీటర్లకు తగ్గకుండా వాన కురుస్తుంది. మన అనంతపురానికి ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల చిల్లర. మా ఆవిడ వెంటనే, “పురాణం అక్కడ చదివారన్నమాట, వాన ఇక్కడ పడింది” అంది.

సైరంధ్రిలో 30 మీటర్ల ఎత్తు ఇనుప టవరు వుంది. నా మోకాళ్ళతో ఎక్కడం కష్టమే అయినా మనవడి ముందు చిన్నతనం అని ఎక్కాను. పైనుంచి చూస్తే ఎటు చూసినా పచ్చటి మేఘాల్లా చెట్ల తలలు, వాటి అడుగున దారంలా కుంతిపుళ. ఆనకట్ట రావలసింది ఆ చుట్టుపక్కలే. నా కన్ను అలవాటు ప్రకారం ఎడమ గట్టు, కుడి గట్టు చూసి నీటిమట్టం ఎక్కడిదాకా వచ్చేదో కొలత వేసుకుంది. తరువాత ఆ గీత కింద ఏమేమి వున్నాయో చూశాను. అప్పటి నుంచీ యిలాంటి అడవుల గురించి దొరికిందల్లా చదువుతున్నాను. అందులో నాకు అర్థమైనంత చెబుతాను.

వర్షారణ్యంలో మనల్ని మొదట మోసం చేసేది దాని పచ్చదనం. ఇంత చిక్కగా పెరిగిందంటే కింద నేల ఎంత సారవంతమో అనుకుంటాం. మన కృష్ణా, గోదావరి డెల్టా లెక్క అది. కాని ఇక్కడ సారం నేలలో తక్కువ, చెట్లలో ఎక్కువ. అంత వాన వేల ఏళ్ళుగా కురుస్తుంటే నేలలోని లవణాలు కడిగేసుకుపోవూ? అయినా అడవి బతుకుతున్నదంటే కారణం దాని పొదుపు. ఒక ఆకు రాలితే అది కుళ్ళేదాకా ఆలస్యం వుండదు. చెదలు, పురుగులు, శిలీంధ్రాలు వెంటనే దాన్ని అరగదీస్తాయి. వేళ్ళతో కలిసి బతికే సన్నటి బూజు దారాలు ఆ సారాన్ని నేలలోకి యింకిపోకముందే అందుకుని చెట్టుకు చేర్చేస్తాయి. అంటే ఆస్తి అంతా చేతుల మీద తిరుగుతుందే గాని బ్యాంకులో వుండదు. మన భాషలో చెప్పాలంటే, నెలాఖరుకు చేతిలో చిల్లిగవ్వ మిగలని, అయినా ఎవరికీ అప్పు లేని ఇల్లు. చెట్లు కొట్టేస్తే సారం చెట్లతోనే పోతుంది. మిగిలిన నేలను రెండు మూడు వానాకాలాలు కడిగేస్తాయి. వేళ్ళు కూడా లోతుకు పోవు, పైపైనే పరుచుకుంటాయి. అందుకే పెద్ద చెట్లకు మొదట్లో గోడల్లాంటి ఊతాలు వుంటాయి. ఒక చెట్టు ఊతాల మధ్య మా మనవడు నిలబడితే కనబడకుండా పోయాడు.

ఇకపోతే నీళ్ళు. పడిన వాన నేరుగా నేలను కొట్టదు. పై అంతస్తు ఆకుల మీద, అక్కడి నుంచి కింది అంతస్తు ఆకుల మీద, ఆపైన నాచు మీద, కొమ్మల మీద పెరిగే మొక్కల మీద పడి, నెమ్మదిగా ఆకుల పరుపులోకి దిగుతుంది. చాలా ఆకులకు కొస సూదిగా సాగి వుంటుంది, నీరు నిలవకుండా జారడానికి. అలా యింకిన నీరే ఎండాకాలంలోనూ కొద్దికొద్దిగా ఊరి నదిలోకి వస్తుంది. కుంతిపుళ ఏడాది పొడుగునా పారుతుంది గనుక అక్కడ ప్రాజెక్టు కట్టాలని మా వాళ్ళు లెక్క వేశారు. ఆ నది అలా పారడంలో అడవి చేసే పని ఎంత వుందో మా లెక్కలో ఏ కాలంలోనూ రాసుకోలేదు. నది అంటే గేజి దగ్గర కనబడే క్యూసెక్కులు, అంతే.

ఇప్పుడు ఆ కోతి సంగతి. సింహపు జూలు లాంటి తెల్లటి జూలు ముఖం చుట్టూ, ఒళ్ళంతా నలుపు, తోక కొసన కుచ్చు. పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా లేదు. అన్నీ కలిపినా కొన్ని వేలే మిగిలాయి. మన ఊళ్ళో కోతుల్లాగా పెరట్లోకి వచ్చి అప్పడాలు ఎత్తుకుపోయే రకం కాదు. చెట్ల మీదే పుట్టి, చెట్ల మీదే తిని, చెట్ల మీదుగానే దాటుకుపోతుంది. దానికి బాగా ఇష్టమైన చెట్టు ఒకటుంది. మలయాళంలో వెడిప్లావు అంటారు. ప్లావు అంటే పనస. పనస కాదు గాని కాయ చూడడానికి చిన్న ముళ్ళ పనసకాయలా వుంటుంది, పువ్వులూ కొమ్మలకే అంటుకుని పూస్తాయి. ఆ పువ్వులూ, ఆ గింజలూ యీ కోతికి ప్రధానమైన ఆహారం. ఒక్కొక్క గుంపుకు కొన్ని చదరపు కిలోమీటర్ల అడవి, అదీ తెగకుండా, కావాలి. మధ్యలో జలాశయం వస్తే ఇటు గుంపు ఇటే, అటు గుంపు అటే. ఇంకో అడవిలో వదిలేస్తే పోలేదా అని ఆ రోజుల్లో నాలాంటివాళ్ళు అడిగేవాళ్ళం. ఆ చెట్లు లేని చోట వదిలి ఏం లాభం?

అలాగే హార్న్‌బిల్ అనే పక్షి. ముక్కు మీద మరో డిప్ప బోర్లించినట్టుంటుంది. కేరళకు అది రాష్ట్రపక్షి. ఆడపక్షి ముసలి చెట్టు తొర్రలోకి దూరి, సన్నటి సందు మాత్రం వదిలి ద్వారం మూసేసుకుంటుంది. ఇక పిల్లలు ఎదిగేదాకా మగపక్షి పళ్ళు తెచ్చి ఆ సందులోంచి అందించాలి. అది ఏ వేటగాడి చేతిలోనో చస్తే లోపలి సంసారం కష్టాల్లో పడినట్టే. ఆ పక్షి మింగిన పళ్ళ గింజలు ఎక్కడెక్కడో పడి కొత్త చెట్లవుతాయి. పెద్ద తొర్ర కావాలంటే చెట్టు ముసలిది కావాలి. వయసు మళ్ళిన చెట్టుకు పనికిరాదని గుర్తు పెట్టి కొట్టేస్తే దాని మీద ఆధారపడినవన్నీ పోతాయి. యీ మాట చెప్పినప్పుడు మా ఆవిడ నా వైపు చూసి నవ్వింది. ఎందుకు నవ్విందో యీ సభలో వివరించనక్కర లేదు.

మునిగేది మొత్తంలో పదో వంతే కదా అని మా వాదన వుండేది. మునిగే పదో వంతు ఏది? నది ఒడ్డున, లోయ అడుగున వున్న మంచి అడవి. ఆపైన ఏ ప్రాజెక్టయినా నీళ్ళతో ఆగదని నాకంటే ఎవరికి తెలుసు? రోడ్డు పడుతుంది. క్యాంపు వస్తుంది. వేలమంది కూలీలకు పొయ్యిలోకి కట్టెలు కావాలి. క్యాంటీను, సినిమా డేరా, ఆ తరువాత కలప లారీలు. పని అయ్యాక క్యాంపు వెళ్ళిపోతుంది గాని రోడ్డు వెళ్ళిపోదు.

పోరాటం ఎలా జరిగిందో క్లుప్తంగా చెబుతాను. 1976లో జాఫర్ ఫతేఅలీ అధ్యక్షతన కేంద్రం వేసిన బృందం ప్రాజెక్టు మానుకోవడమే మంచిదంది. కాని తప్పనిసరైతే ఫలానా జాగ్రత్తలు తీసుకోండి అని ఒక జాబితా కూడా జోడించింది. ప్రభుత్వాలకు కావలసింది ఆ జాబితాయే. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు అనే సంస్థ, అందులో వృక్షశాస్త్రం అధ్యాపకుడు ఎం.కె. ప్రసాద్ వంటివారు ఊరూరా తిరిగి జనానికి చెప్పారు. పరిషత్తువారు అడవి అందంగా వుందని చెప్పి ఊరుకోలేదు. ఇంజనీర్లను, ఆర్థికవేత్తలను కూర్చోబెట్టి, మలబారుకు కరెంటు మరో విధంగా ఎలా ఇవ్వవచ్చో లెక్కలు కట్టారు. నేను అప్పుడు చదవకుండానే కొట్టిపారేసినవి ఆ లెక్కలే. కవయిత్రి సుగతకుమారి, పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ గొంతు కలిపారు. అప్పుడు కేంద్ర వ్యవసాయశాఖలో వున్న ఎం.ఎస్. స్వామినాథన్ స్వయంగా వెళ్ళి చూసి, ఆ ప్రాంతాన్ని కాపాడాలని నివేదిక ఇచ్చారు. కోర్టుకు కూడా వెళ్ళారు. 1980 జనవరిలో హైకోర్టు పిటిషన్ కొట్టేసింది. అదే నెల ఇందిరాగాంధీ మళ్ళీ ప్రధాని అయ్యారు. పని ఆపమని ఆవిడ కోరారు.

1980 డిసెంబరులో కేరళ ప్రభుత్వం ఒక తమాషా పని చేసింది. ప్రాజెక్టు స్థలం మినహాయించి మిగతా అడవిని జాతీయ పార్కుగా ప్రకటించింది. గారె మధ్యలో చిల్లి వున్నట్టు. చివరకు ఎం.జి.కె. మీనన్ అధ్యక్షతన వేసిన సంఘం నివేదిక ఇచ్చింది. 1983లో ప్రాజెక్టు వదులుకున్నారు. 1984 నవంబరు 15న మొత్తం అడవి, 89.52 చదరపు కిలోమీటర్లు, జాతీయ పార్కు అయింది. అప్పటికి ఇందిరాగాంధీ పోయి రెండు వారాలు. 1985 సెప్టెంబరులో రాజీవ్ గాంధీ లాంఛనంగా ప్రారంభించారు. 2007లో చుట్టూ మరో 148 చదరపు కిలోమీటర్లు రక్షణ వలయంగా చేర్చారు. అంతకు కొన్నేళ్ళ ముందు పార్కు సరిహద్దు దాటి, నది కింది భాగంలో పాత్రక్కడవు అనే చోట చిన్న ఆనకట్ట ప్రతిపాదన మళ్ళీ వచ్చి వెనక్కిపోయింది. మా వృత్తివాళ్ళు అంత తేలికగా వదలరు. 2012లో పడమటి కనుమల్లోని మరికొన్ని చోట్లతో కలిపి దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా యునెస్కో గుర్తించింది.

అయితే మిత్రులారా, నేను పాత పక్షం నుంచి కొత్త పక్షానికి దూకి, ఇంజనీర్లందరూ మూర్ఖులు అని చెప్పడానికి రాలేదు. మలబారులో కరెంటు కొరత అబద్ధం కాదు. దీపం ముందు పురుగులా వెలిగే బల్బుల కింద పిల్లలు చదువుకున్నారు. మరి ఆ 120 మెగావాట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? కేరళ యిప్పుడు కూడా తనకు కావలసిన కరెంటులో సగానికి పైగా బయటి నుంచి తెచ్చుకుంటుంది. అలా తెచ్చుకునే చోట్లలో ఒకటి మన రామగుండం. 1983లో అక్కడ తొలి యూనిట్ మొదలయింది. దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ వాటా వున్న కేంద్రం అది, కేరళకూ వుంది. సరిగ్గా సైలెంట్ వ్యాలీని వదులుకున్న ఏడాదే! నేను దాన్ని ఎన్నో రాత్రులు ఆలోచించాను. అక్కడ అడవి నిలబడింది. ఇక్కడ గోదావరి ఒడ్డున బొగ్గు మండింది, బూడిద చెరువులు పెరిగాయి, గనుల పక్కన మన ఊళ్ళు దుమ్ము తిన్నాయి. ఆ అడవిని కాపాడిన ఖర్చులో కొంత మన పెద్దపల్లి జిల్లా కట్టింది. యీ పద్దు ఏ పర్యావరణ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. అందుకే పాత ఇంజనీరుగా యిక్కడ రాయిస్తున్నాను.

అలాగని లెక్క తిరగేసి చూసినా పాత వాదన నిలబడదు. రామగుండంలో ఒక్క 500 మెగావాట్ల యూనిట్ ఆ ప్రాజెక్టు తొలి దశకు నాలుగింతలు. బొగ్గు యూనిట్ పాతబడితే మూసేసి మరో మార్గం చూసుకోవచ్చు. ఇవాళ ఇళ్ళ కప్పుల మీద ఎండతో కరెంటు వస్తోంది, మా అల్లుడి ఇంటి మీదే వుంది. 1979లో మా ముందున్న మార్గాలే ఎప్పటికీ వుండే మార్గాలనుకోవడం నేను చేసిన తప్పు. మునిగిన అడవిని మాత్రం నీళ్ళు తీసేసి మళ్ళీ పెంచే విద్య ఏ కాలేజీలోనూ చెప్పరు.

ఇంకొక మాట కూడా దాచకూడదు. ఆ అడవికి తూర్పున అట్టప్పాడి వుంది. ఇరుళ, ముడుగ, కురుంబ గిరిజనులు వుండే చోటు. ఒకప్పుడు అదీ దట్టమైన అడవే. చెట్లు పోయి, నేల కొట్టుకుపోయి, వాగులు ఎండాయి. 2013లో అక్కడ పోషకాహారం లేక పసిపిల్లలు చనిపోయిన వార్తలు దేశమంతా వచ్చాయి. ప్రపంచమంతా మెచ్చుకునే అడవికి అతి దగ్గరి పొరుగువాళ్ళ సంగతి యిది. మాకు గైడుగా వచ్చిన కుర్రవాడు ఆ గిరిజనుల్లోవాడే. ఏ కాయ ఎవరు తింటారో, ఏ అరుపు ఎవరిదో చెప్పగలడు. మీ వాళ్ళు యీ ఆనకట్ట వస్తే బాగుండేదనుకున్నారా అని నేను అడిగితే, నా వంక కాసేపు చూసి, “ఎవరూ మమ్మల్ని అడగలేదు సార్” అన్నాడు. కట్టాలన్నవాళ్ళూ, వద్దన్నవాళ్ళూ కూడానా అని మళ్ళీ అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

తిరుగు దారిలో డ్రైవరు బండి ఆపి, చప్పుడు చెయ్యవద్దని సైగ చేశాడు. రోడ్డుకు పైన, కొమ్మల్లో, నల్లటి ఆకారాలు ఒకదాని వెనుక ఒకటి దాటుతున్నాయి. ఏడెనిమిది వుంటాయి. ఒక తల్లి, పొట్టకు కరుచుకున్న పిల్లతో, సరిగ్గా మా బండి మీదుగా వున్న కొమ్మ మీద ఆగింది. తెల్ల జూలు మధ్య ముఖం ముసలి మునిలా వుంది. మమ్మల్ని పెద్దగా లెక్క చెయ్యకుండా ఓ కాయ కొరికి, గింజ తీసుకుని, తొక్క మా బానెట్ మీద పడేసి వెళ్ళిపోయింది. మా మనవడు, “తాతగారూ, మీరు మీటింగులో తిట్టింది వీటినేనా?” అన్నాడు. ఆ కథ ఎప్పుడో వాడికి నేనే చెప్పాను. అవును నాయనా అన్నాను.

వెళ్ళాలనుకునేవారికి రెండు సూచనలు చెప్పి ముగిస్తాను. ముక్కాలిలో అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకోండి, పొద్దున్నే చేరండి. వానాకాలంలో జలగలు విపరీతం. పొడుగు సాక్సు, ఒక పొట్లం ఉప్పు దగ్గర పెట్టుకోండి. ప్లాస్టిక్ సంచులు లోపలికి తేనివ్వరు. బి.పి. మాత్రలు, మంచినీళ్ళు మరవకండి, లోపల దుకాణాలు లేవు. టవరు మెట్లు నిటారుగా వుంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవారు కింద నుంచే చూడండి. కింద నుంచి కూడా బాగానే కనబడుతుంది.

 కాఫీ చల్లారిపోతోందని కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. సెలవు.